మూత పైన, సీసా కింద

అడ్వాన్సు లెక్కబెట్టుకుంటా
మాలకొండయ్య ఒకటే మాట చెప్పాడు:
"గోడకు మేకు దిగిందంటే, రవణా,
మేక్కి వంద కోసుకుంటా."

సింగరాయకొండ స్టేషను వెనక సందు.
ఒకటిన్నర గది. ఆ అర గదిలో కుట్టుమిషను.
గుండీలు, హుక్కులు, బాబిన్లు, విరిగిన సూదులు
అన్నీ ఒకే బిస్కెట్ల డబ్బాలో కాపురం.
ఒక్క హుక్కు కావాలంటే
డబ్బా మొత్తం చాప మీద బోర్లించాలి,
ఏరుకోవాలి, మళ్లా ఎత్తాలి.
జాకెట్టుకు ఆరు హుక్కులు.
లెక్క మీరే వేసుకోండి.

గోడ ఆయనది.
గోడలోని అలమర చెక్కా ఆయనదే,
కానీ చెక్క సంగతి ఆయన ఎత్తలేదు.
నేను చూసిందేమో చెక్క అడుగు వైపు.
చీకటి, సాలెగూడు,
ఎవరూ అద్దె అడగని చోటు.

పాత హార్లిక్స్ సీసాలు, జాం సీసాలు
ఖాజాబీ గోతంలో వేసి పంపింది.
మూత చెక్కకు, సీసా మూతకు.
అంతే, ఇంకేం లేదు.

మొదటి మూతకు నడిమధ్య ఒక్క స్క్రూ బిగించా.
సీసా తిప్పితే మూత కూడా తిరిగింది,
ఎవరేమన్నా తలూపే మా చిన్నన్న లాగా.
ఒక్కటైతే తిరుగుతుంది.
నిలవాలంటే రెండు కావాలి,
పక్కపక్కనే, కాస్త ఎడంగా.

ముందు మేకు మొనతో చిన్న గుంట.
స్క్రూ ముక్కును బట్టల సబ్బుకు ఒకసారి రాస్తే
టేకు చెక్క కూడా దారిస్తుంది.
పైకి చూస్తా బిగించేటప్పుడు
స్క్రూ జారి కళ్లలో పడబోతుంది కదా,
పాడైన స్పీకరు అయస్కాంతానికి
స్క్రూడ్రైవరు మొనను పదిసార్లు రుద్దా,
పసిపిల్ల చనుమొన పట్టినట్టు పట్టింది.
మిగతావి పెదాల మధ్య.
గుండుసూదులకు అలవాటైన పెదాలేగా.
నోరంతా ఇనప రుచి.
మా వదిన వాకిట్లోంచి చూసి
"దీనికే లూజయింది స్క్రూ" అని పోయింది.

పదకొండు సీసాలు.
గూడ్సు బండి పోతుంటే
చలికి పళ్లు కొట్టుకున్నట్టు కొట్టుకుంటాయి.
నెలకోసారి ప్రతి స్క్రూకూ పావు చుట్టు.
పాకల వైపు నుంచి ఉప్పుగాలి వచ్చి
తలకాయలు ఎర్రబడతాయి, గాడి అరిగిపోతుంది.
అప్పుడు రబ్బరుబ్యాండు అడ్డం పెట్టి తిప్పాలి,
మెల్లగా, కోపం లేకుండా.
బొక్క వదులైతే
బంక పూసిన అగ్గిపుల్ల విరిచి లోపలికి తోసి
మళ్లా బిగించాలి.
మర చచ్చిందని అంత తొందరగా ఏడవకూడదు.

ఐదో తారీకు మాలకొండయ్య వచ్చాడు.
నోట్లు చేతిలోనే ఉన్నాయి, కళ్లు చెక్క కింద.
"ఏందిది?"
"మేకులు కావయ్యా. స్క్రూలు. గోడకు కూడా కాదు."
వేలు చూపిస్తా లెక్కపెట్టాడు.
ఇరవై రెండు.
ఆయన పెదాల మీద రెండువేల రెండొందలు
కదిలి ఆగిపోవడం చూశా.

ఒక సీసా విప్పాడు. బిగించాడు.
మళ్లా విప్పాడు.
కిటికీ వైపు తిరిగి
జేబులోంచి రుమాలు తీశాడు, అందులో కళ్లద్దాలు,
ఒక కాడ నల్లదారంతో కట్టి ఉంది.
"కనిగిరి పెళ్లిలో పడిపోయింది స్క్రూ.
ఆవగింజంత ఉంటుంది. ఎవడి దగ్గరా లేదు."

నా దగ్గర చివరి సీసా ఉంది.
ఏది విప్పి బిగించినా ఒకటి మిగులుతుంది కదా,
గడియారంలోంచి, రేడియోలోంచి, పిల్లాడి బొమ్మకారులోంచి,
ఆ మిగిలినవన్నీ అక్కడే.
మొదటిది లావు. రెండోది పొట్టి.
మూడోది
ఏమీ అడక్కుండా దిగింది.
ఊడిపోకుండా పైన గోళ్లరంగు చుక్క పెట్టా,
ఎరుపు, ఇంట్లో ఉన్నది అదే.

కళ్లద్దాలు పెట్టుకుని మళ్లా పైకి చూశాడు.
"ఆ మూల చెక్కకు చెద పట్టింది, చూశావా?"
చూళ్లేదన్నా.
అద్దె రెండుసార్లు లెక్కపెట్టుకుని
గడప దాటి ఆగాడు.
"మా ఇంట్లో కాఫీపొడి సీసాలు నాలుగున్నాయి" అన్నాడు,
వీధి వైపు చూస్తా.
"మూతలున్నాయి."